టోపీ పెట్టించుకోడానికి కూడా రాత ఉండాలి

ముందే ఒక మాట చెప్పేస్తున్నా, నేను ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి వ్యతిరేకిని కాదు. నిజానికి భూమ్మీద ఇంత ధర్మబద్ధమైన, ఇంత దయగల పద్ధతి ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం, ఈ ముక్క మీరు చివరిదాకా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మధ్యలో నేనే మర్చిపోయే ప్రమాదం ఉంది.

బాస్కెట్‌బాల్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఎన్‌బీఏ అని లీగ్, అందులో 30 టీములు, ఏటా జూన్ నెలాఖర్లో ఆ టీములన్నీ కూర్చుని కొత్త కుర్రాళ్ళని పంచుకుంటాయి. మన ఐపీఎల్ లాగా వేలంపాట కాదు, చేతులెత్తి కోట్లు పాడేదేమీ లేదు. కుర్రాడు నాకు ఫలానా ఊరు కావాలి అనడానికీ లేదు. టీములు లైన్లో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి పిల్లల్ని ఏరుకుంటాయి, రెండు రౌండ్లు, మొత్తం ఓ అరవై మంది. మరి ఆ లైన్లో ముందు ఎవరు నిలబడాలయ్యా అంటే, ఆ ఏడాది ఎవడు ఎక్కువ ఓడిపోయాడో వాడు. అంతే. అసలు రూలు అదే, మిగతాదంతా అలంకారం.

ఇది మా మామయ్యగారికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు, ఆరు కప్పుల టీ పట్టింది. ఆయన తెనాలిలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు, సర్వీసులో చాలా ఏళ్ళు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసే డ్యూటీ వేసేవాళ్ళట, కాబట్టి ర్యాంకు అన్నా వరస అన్నా ఆయనకి ప్రాణం. 2025 మే మొదట్లో అత్తయ్యగారూ ఆయనా ఆవకాయ జాడీతో సహా మా ఇంటికి, అంటే డాలస్ పక్కన ఫ్రిస్కోకి దిగారు. దిగిన వారానికే డ్రాఫ్ట్ లాటరీ.

"అంటే ఏంటి అల్లుడుగారూ, ఫస్ట్ ర్యాంకు వచ్చినోడు కాలేజీని ఎంచుకోడా?"

"లేదు మామయ్యగారూ, కాలేజీయే వాణ్ణి ఎంచుకుంటుంది."

"ఏ కాలేజీ?"

"అన్నిట్లోకీ అధ్వాన్నంగా ఉన్న కాలేజీ."

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, మనిషి సరిగ్గా కనపడితే మాట కూడా సరిగ్గా వినపడుతుందన్నట్టు. "ల్యాబులుండవు, లెక్చరర్లుండరు, పాసు పర్సెంటేజీ ఉండదు, అలాంటి కాలేజీకి స్టేట్ ఫస్ట్ కుర్రాణ్ణి రాసిచ్చేస్తారా? వాళ్ళ నాన్న ఊరుకుంటాడా?" ఊరుకోవడం ఏంటండీ, కొత్త సూటు కుట్టించుకుని ముందు టేబుల్ దగ్గర కూర్చుని టీవీలో ఏడుస్తాడు, ఆనందంతో.

నాకు ఇందులో బాగా నచ్చే విషయం ఏంటంటే, ఇది జరిగేది అమెరికాలో. బలం ఉన్నోడిదే బజారు, చేతకానోడు దివాలా తీస్తే తియ్యనీ అని లోకానికంతా పాఠం చెప్పే దేశంలో, వేల కోట్ల ఆస్తి ఉన్న ఓనర్లు మాత్రం తమలో తాము ఇంత చక్కటి సమసమాజం కట్టుకున్నారు. ఓడినవాడికి ఆసరా, చితికినవాడికి రేషన్. ఇంకా చెప్పాలంటే ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి నువ్వు ఫలానా ఊళ్ళో ఫలానా కంపెనీలోనే పనిచెయ్యాలి అని కట్టడి చెయ్యడం ఇంకే వ్యాపారంలో అయినా కోర్టుకెక్కే వ్యవహారం, ఇక్కడ మాత్రం ప్లేయర్ల యూనియన్‌తో ఒప్పందం ఉంది కాబట్టి చెల్లుతుంది. ఆ యూనియన్‌లో ఎవరుంటారు? ఆల్రెడీ ఆడుతున్న ప్లేయర్లు. ఎవరిని పంచుకుంటున్నారో ఆ పిల్లలకి అందులో ఓటు లేదు. మామయ్యగారు దీనికి వెంటనే ఒప్పుకున్నారు. "పెద్దలు కుదిర్చిన సంబంధం అన్నమాట" అన్నారు, ఆ ముక్కతో ఆయనకి సగం డ్రాఫ్ట్ అర్థమైపోయింది.

మిగతా సగం మే 12 రాత్రి లాటరీతో మళ్ళీ అర్థం కాకుండా పోయింది.

ఎందుకంటే ఎక్కువ ఓడినవాడికే నేరుగా ఫస్ట్ పిక్, అంటే అందరికంటే ముందు ఏరుకునే వంతు, ఇచ్చేస్తే అందరూ కావాలనే ఓడిపోతారు కదా, ఓడిపోయారు కూడా. అప్పట్లో రెండు గ్రూపుల్లోంచి అట్టడుగు టీములు రెండిటినీ పిలిచి బొమ్మా బొరుసా వేసేవాళ్ళు, 1984లో హ్యూస్టన్ వాళ్ళు కావాలనే ఓడుతున్నారని గోల గోల అయ్యాక 1985లో లాటరీ తెచ్చారు. ఏడు టీములు, ఏడు కవర్లు, గుండ్రటి డ్రమ్ములో వేసి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ తన చేత్తోనే తీశాడు, న్యూయార్క్ వాళ్ళకి ఆ ఏడాది అందరి కళ్ళూ ఉన్న కుర్రాడు ప్యాట్రిక్ ఈవింగ్ వచ్చాడు. ఆ న్యూయార్క్ కవర్ని ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారు, చేత్తో తడిమి తీశాడు అని నలభై ఏళ్ళుగా జనం చెప్పుకుంటూనే ఉన్నారు. రుజువు లేదు, కానీ నమ్మకానికి రుజువెందుకు.

ఇప్పుడు కవర్లు పోయి పింగ్‌పాంగ్ బంతులు వచ్చాయి. ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లేసిన 14 బంతులు మిషన్లో గిరగిరా తిరుగుతుంటాయి, నాలుగు బయటికి తీస్తారు. ఒకాయన మిషన్‌కి వీపు పెట్టి టైమ్ చూస్తూ నిలబడతాడు, టైమవగానే చెయ్యెత్తుతాడు, బంతి పైకొస్తుంది. ఆ గదిలోకి వెళ్ళేముందు అందరి ఫోన్లూ తీసేసుకుంటారు. టీవీలో మనకి చూపించేదంతా ఆ తర్వాత కవర్లు విప్పే తంతు మాత్రమే, అసలు పెళ్ళి లోపల అయిపోయి మనకి రిసెప్షన్ చూపిస్తున్నారన్నమాట.

"పద్నాలుగులో నాలుగు" అని మామయ్యగారు సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాం. "వెయ్యిన్నొకటి" అన్నారు కళ్ళు తెరిచి. "మొత్తం వెయ్యిన్నొక్క కాంబినేషన్లు వస్తాయి. అందరికీ ఎలా పంచారు?"

చెప్పా. అట్టడుగు మూడు టీములకీ తలా 140, అంటే 14 శాతం, 2019లో మార్చిన లెక్క ఇది, అంతకుముందు ఆఖరివాడికి ఏకంగా 25 శాతం ఉండేది. అలా తగ్గుకుంటూ వస్తే మా డాలస్‌కి 18 కాంబినేషన్లు, 1.8 శాతం.

"ఎలా కలిపినా మొత్తం వెయ్యేగా. ఆ మిగిలిన ఒకటి ఎవరిది?"

పదేళ్ళ నుంచి లాటరీ చూస్తున్నా, ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. ఫోన్లో వెతికి చెప్పాల్సొచ్చింది. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, ఈ నాలుగూ కలిసి వస్తే అది ఎవరిదీ కాదు, బంతులు మళ్ళీ లోపల వేసి మళ్ళీ తీస్తారు. "ఆఁ" అన్నారాయన తృప్తిగా, లెక్క సరిపోయినందుకు.

అదే సోఫాలో ఆ చివర మా బామ్మర్ది ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. వాడి గురించి తర్వాత చెప్తా.

డాలస్ సంగతి తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి. 2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి, జనం పడుకునే వేళకి మా టీమ్ లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసింది. పాతికేళ్ళ వాడు, ముందు ఏడాదే టీమ్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళినవాడు. ఎందుకయ్యా అంటే డిఫెన్స్ చాంపియన్‌షిప్పులు గెలిపిస్తుంది అన్నాడు మా అప్పటి జనరల్ మేనేజర్ నికో హారిసన్. తెల్లారేసరికి జనం స్టేడియం బయట మా పాత హీరో డిర్క్ నోవిట్‌స్కీ విగ్రహం దగ్గర శవపేటిక తెచ్చి పెట్టారు, నేను అబద్ధం చెప్పట్లేదు, పూలు కూడా పెట్టారు. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఎవరూ గుడ్ మార్నింగ్ పెట్టలేదు, అంతకంటే సంతాపం ఇంకేం కావాలి. తర్వాత మార్చిలో కైరీ ఇర్వింగ్ మోకాలు పోయింది, టీమ్ 39 గెలిచి 43 ఓడి, ప్లే-ఇన్‌లో, అంటే నాకౌట్‌లోకి వెళ్ళే ఆఖరి ఛాన్సు మ్యాచుల్లో, మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మేం కావాలని ఓడలేదు. అది మా వంశంలో లేదని కాదు. 2018లో అప్పటి ఓనర్ మార్క్ క్యూబన్, ఓడిపోవడమే మనకి మంచిది అని ప్లేయర్లకి చెప్పానని బయటికే అనేసి ఆరు లక్షల డాలర్లు ఫైన్ కట్టాడు. 2023 ఏప్రిల్‌లో, ఇంకా ప్లే-ఇన్ ఛాన్సు ఉండగానే, ముందే న్యూయార్క్‌కి షరతు మీద రాసిచ్చిన పిక్, బాగా ఓడితే మా చేతిలోనే నిలుస్తుంది కాబట్టి, ముఖ్యమైనవాళ్ళని కూర్చోబెట్టి షికాగో చేతిలో ఓడిపోయి ఏడున్నర లక్షలు కట్టాం. కట్టాం కానీ పిక్ నిలిచింది, దాన్నే అటూ ఇటూ మార్చి డెరిక్ లైవ్లీ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నాం, మరుసటి ఏడాది ఫైనల్స్‌కి వెళ్ళాం. పాపం చేస్తే ఫలితం అనుభవించాల్సిందే అంటారు, మేం అనుభవించాం, చాలా బాగుంది.

కానీ 2025లో అలా కాదు. ఇదే గెలుపు దారి అని నమ్మి, చేతిలో ఉన్న వజ్రాన్ని ఇచ్చేసి, నిజాయితీగా మనస్ఫూర్తిగా ఓడిపోయాం. అదే యూటా వాళ్ళని చూడండి, 17 గెలిచి 65 ఓడి లీగ్ మొత్తంలో ఆఖర్న నిలబడ్డారు, స్టార్ ప్లేయర్ లౌరీ మార్కనెన్‌ని ఆడగలిగి ఉండి కూడా ఆడించలేదని లక్ష డాలర్లు ఫైన్ కూడా కట్టారు, ఎంత శ్రద్ధ, ఎంత క్రమశిక్షణ. టీవీలో ఆఖరి నంబరు నుంచి మొదటిదాకా కవర్లు విప్పుతున్నారు. ఓటముల వరస ప్రకారం పదకొండో కవర్లో మా గుర్రం బొమ్మ రావాలి, పోర్ట్‌లాండ్ బొమ్మ వచ్చింది. అంటే మేం పైకి ఎగిరామన్నమాట. నేను లేచి నిలబడ్డా. ఐదో కవర్లో యూటా వచ్చింది, ఆఖరివాడు పడగలిగినంత కిందకి పడ్డాడు. నాలుగూ మూడూ కూడా అయిపోయి ఇంకా రెండే మిగిలాయి, శాన్ ఆంటోనియో, మేము. రెండోది శాన్ ఆంటోనియో.

అంతే. 1.8 శాతం. లూకాని పారేసిన టీమ్‌కి దేశంలోకెల్లా నంబర్ వన్ కుర్రాడు, పద్దెనిమిదేళ్ళ కూపర్ ఫ్లాగ్. నేను అరిచిన అరుపుకి అత్తయ్యగారు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చారు. లూకాని లేకర్స్‌కి పంపినందుకు లీగ్ ఇచ్చిన కట్నం ఇది అని అరగంటలో దేశమంతా మొదలెట్టింది. నేను మాత్రం శాస్త్రప్రకారం ఆలోచించా. ప్లాన్ చేసి ఓడినవాణ్ణి దేవుడు ఐదో నంబరుకి తోసి, తెలివితక్కువతనంతో ఓడినవాణ్ణి అక్కున చేర్చుకున్నాడు. దొంగకి శిక్ష, అమాయకుడికి వరం. ఇంతకంటే ధర్మం ఎక్కడుంది, మీరే చెప్పండి.

అప్పుడు మా బామ్మర్ది లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, "వన్ పాయింట్ ఎయిటా బావా?" అన్నాడు. "అవున్రా" అన్నా. "మంచిదే" అన్నాడు.

డ్రాఫ్ట్‌కి ముందు షికాగోలో కంబైన్ అని ఒకటి పెడతారు, అది మనకి కొత్తేం కాదు, పెళ్ళిచూపులే. చెప్పులు విప్పి ఎత్తు కొలుస్తారు. చేతులు బారచాపించి ఈ కొస నుంచి ఆ కొసకి కొలుస్తారు. నిలబడి పైకి చాపితే ఎంత అందుతుంది, ఎగిరితే ఎంత అందుతుంది, అన్నీ రాసుకుంటారు. తర్వాత గదిలో కూర్చోబెట్టి పెద్దలందరూ ఇంటర్వ్యూ చేస్తారు. కుర్రాడు ఏం ఆడతాడో టీవీలో ఏడాదంతా చూశారుగా అంటే, అది వేరు ఇది వేరు. 2007లో కెవిన్ డ్యురాంట్ ఆ బెంచ్ ప్రెస్ బరువు ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు, అందరూ పెదవి విరిచారు. ఆ ఏడాది పోర్ట్‌లాండ్ వాళ్ళు భారీ మనిషి కదా అని గ్రెగ్ ఓడెన్‌ని ముందు తీసుకున్నారు, పాపం అతని మోకాళ్ళు 105 మ్యాచ్‌లకే సరిపోయాయి. డ్యురాంట్ బరువులు ఎత్తకుండానే కప్పులెత్తాడు. అదే పోర్ట్‌లాండ్ 1984లో మైకేల్ జోర్డన్‌ని కాదని శామ్ బోవీని తీసుకున్న టీమ్ అని నేను చెప్పగానే మామయ్యగారు, "రెండుసార్లూ ఒకే ఇంటివాళ్ళా? వాళ్ళకి ముహూర్తాలు పెట్టేదెవరు?" అన్నారు.

కంబైన్ పండితుల భాష కూడా సంబంధాలు చూసే పేరయ్యల భాషే. ఇప్పుడు ఆడలేడు అనరు, అప్‌సైడ్ ఉంది అంటారు. షూటింగ్ రాదు అనరు, ఫారం బాగుంది అంటారు. మంచి ఫ్యూచర్ ఉన్న అబ్బాయండీ అంటే ప్రస్తుతం ఉద్యోగం లేదని మనకి తెలియదా ఏంటి. 2003లో ఇలాగే ఫ్యూచర్ చూసి డెట్రాయిట్ వాళ్ళు డార్కో మిలిచిచ్‌ని రెండో నంబరులో తీసుకున్నారు, కార్మెలో ఆంథొనీ, క్రిస్ బోష్, డ్వేన్ వేడ్ ముగ్గురూ అతని వెనకే లైన్లో ఉన్నారు. డార్కో ఇప్పుడు సెర్బియాలో యాపిల్ తోటలు వేసుకున్నాడు. ఈ మొత్తం కథలో కాస్త ప్రశాంతంగా ఉన్నది అతనొక్కడే అని నా అనుమానం.

ఇక నికొలా యోకిచ్. 2014లో 41వ నంబరు. అతని పేరు వచ్చినప్పుడు టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది, పేరు కింద స్క్రోలింగ్‌లో పోయింది, ఆయనగారు ఇంట్లో నిద్రపోతున్నాడు. తర్వాత మూడు ఎంవీపీలు, అంటే ఆ ఏటి మేటి ప్లేయర్ అవార్డులు, ఒక చాంపియన్‌షిప్. పదుల సంఖ్యలో నిపుణులు, ఏడాది పొడుగునా వీడియోలు, కొలతలు, ఇంటర్వ్యూలు, ఇన్ని చేసి నలభై మందిని ఇతనికంటే ముందు ఏరారు. నేను దీన్ని తప్పుగా చూడట్లేదు, ఆ నలభై మందికీ ఉద్యోగాలొచ్చాయి కదా. పైగా డ్రాఫ్ట్ అయిన మర్నాడే ప్రతి టీమ్‌కీ గ్రేడ్లు ఇస్తారు, ఏ, బీ ప్లస్, సీ అని. పరీక్ష ఇంకా రాయలేదు, పేపరు ఇంకా సెట్ చెయ్యలేదు, మార్కులు మాత్రం వచ్చేశాయి. మామయ్యగారు ముప్పై ఏళ్ళు స్పాట్ వాల్యుయేషన్ చేసిన మనిషి, ఇంత స్పీడు ఆయన కూడా చూడలేదు.

అసలు సంగతి జూన్ 25 రాత్రి, డ్రాఫ్ట్ రోజు, బ్రూక్లిన్‌లో. నేను ఎందుకు దీన్ని పండగ అంటున్నానో మీకు అర్థం కావాలంటే ఆ టోపీలు చూడాలి.

కమిషనర్ ఆడమ్ సిల్వర్ మైకు దగ్గరికొచ్చి ఫలానా టీమ్ ఫలానా కుర్రాణ్ణి ఎంచుకుంది అంటాడు. కుర్రాడు లేస్తాడు, అమ్మని కౌగిలించుకుంటాడు, పక్కన ఒకళ్ళు టీమ్ టోపీ అందిస్తారు, అది పెట్టుకుని స్టేజీ ఎక్కి కమిషనర్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చి ఫొటో. అందులో సగంసార్లు కుర్రాడికీ, కమిషనర్‌కీ, ఇంట్లో కూర్చున్న నాకూ తెలుసు, ఆ కుర్రాణ్ణి ఆ టీమ్ అప్పటికే ఇంకో టీమ్‌కి ఇచ్చేసింది అని. ఫోన్లో వార్త వచ్చేసింది. కానీ కాగితాల మీద ఇంకా కాలేదు కాబట్టి, పాత టీమ్ టోపీయే పెట్టుకోవాలి, అదే టోపీతో ఇంటర్వ్యూ ఇవ్వాలి, తను ఎప్పటికీ ఆడని టీమ్ గురించి చిన్నప్పటి నుంచి నా కల అని చెప్పాలి. మనవైపు మోసపోయినవాణ్ణి చూసి వాడికి టోపీ పెట్టార్రా అంటాం, మాటవరసకి. వీళ్ళు నిజంగానే టోపీ తెచ్చి, స్టేజీ కట్టి, లైవ్‌లో, తల్లిదండ్రుల ఎదురుగా పెడతారు. ఇంత పారదర్శకత మన దగ్గర ఎక్కడుంది?

2018లో మికల్ బ్రిడ్జెస్ అని ఒకబ్బాయి. ఫిలడెల్ఫియా వైపు కుర్రాడే, చదివిన కాలేజీ విల్లనోవా కూడా ఆ ఊరి పక్కనే, పైగా వాళ్ళమ్మగారు ఫిలడెల్ఫియా టీమ్ ఓనర్ల కంపెనీలోనే ఉద్యోగం. పదో నంబరులో ఫిలడెల్ఫియా వాళ్ళు అతని పేరే పిలిచారు. మీరే ఊహించుకోండి, ఇంటి పక్క టీమ్, అమ్మ ఆఫీసు, తల మీద ఆ టోపీ. కాసేపటికి, ఆ రాత్రే, ఫీనిక్స్‌కి ఇచ్చేశారు. అమ్మ పనిచేసే కంపెనీ కొడుకుని ఎడారికి పంపేసింది, మర్నాడు ఆవిడ ఆఫీసుకెళ్ళి అదే బాసులకి గుడ్ మార్నింగ్ చెప్పాలి. ఇది విని అత్తయ్యగారు జంతికల పళ్ళెం కింద పెట్టి, "ఆ తల్లికి ముందు చెప్పద్దా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. టోపీ బాగా నప్పిందండీ అన్నా.

ఇంకా రాని పిల్లల్ని కూడా అమ్ముకోవచ్చు, మర్చిపోయా. ఏడేళ్ళ తర్వాతి డ్రాఫ్ట్ పిక్ దాకా ఇప్పుడే ట్రేడ్ చెయ్యొచ్చు, అంటే ఇవాళ ఎక్కడో ఆరో క్లాసులో హోమ్‌వర్క్ ఎగ్గొడుతున్న కుర్రాడు ఆల్రెడీ రెండు టీములు మారి ఉండొచ్చు, వాడికే తెలీదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ ఓనర్ టెడ్ స్టెపియన్ ఇలాగే తాతలనాటి పొలం అమ్మేసినట్టు ఫస్ట్ రౌండ్ పిక్కులన్నీ వరసగా అమ్మేస్తుంటే, చివరికి లీగే అడ్డంపడి వరసగా రెండేళ్ళవి ఇవ్వకూడదు అని రూలు పెట్టాల్సొచ్చింది. ఆ రూలుకి ఇప్పటికీ ఆయన పేరే. చరిత్రలో నిలిచిపోవడానికి ఎన్నో దారులు.

ఫ్లాగ్ పేరు ముందే అందరికీ తెలుసు కాబట్టి మొదటి నిమిషంలోనే మా పని అయిపోయింది. నాలుగేళ్ళ కాంట్రాక్టు ఆరు కోట్ల ఇరవై లక్షల డాలర్ల పైన అని నేను చెప్తే మామయ్యగారు కాసేపు నిశ్శబ్దంగా ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి, రూపాయల్లోకి మారుస్తున్నారని నాకు అర్థమైంది. "ఐదువందల కోట్ల పైమాటే" అన్నారు. ఇంకాసేపాగి, "అయితే ఏ కాలేజీ అయితే ఏంటిలే" అన్నారు. ఆయన సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది.

రెండో రౌండు మర్నాడు పెట్టారు, దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అది జనరల్ బోగీ. కానీ మన దేశం కథ జరిగింది ఆ బోగీలోనే. 2015లో పంజాబ్ పల్లెటూరి నుంచి వచ్చిన సత్నామ్ సింగ్, ఏడడుగుల రెండంగుళాలు, 52వ నంబరు, తీసుకున్నది మా డాలస్సే. భారతదేశంలో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొట్టమొదటి మనిషి. ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు, తర్వాత రెజ్లింగ్‌లోకి దిగాడు. 2024లో 55వ నంబరులో లేకర్స్ వాళ్ళు తమ సూపర్‌స్టార్ లెబ్రాన్ జేమ్స్ గారబ్బాయి బ్రానీని తీసుకుంటే మాత్రం దేశమంతా వారసత్వం వారసత్వం అని గుండెలు బాదుకుంది. మా ఇంట్లో ఎవరూ కళ్ళార్పలేదు. ఈ ఒక్క సబ్జెక్టులో తెలుగువాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

"ఈ లెక్కన మన తెలుగు టైటాన్స్‌కి ఎంత అన్యాయం జరిగిందో చూడండి" అని మామయ్యగారు హఠాత్తుగా అన్నారు. నిజమే కదా. ప్రో కబడ్డీలో 8, 9, 10, వరసగా మూడు సీజన్లు అట్టడుగున, మూడోసారి రెండు కోట్ల అరవై లక్షలు పోసి పవన్ సెహ్రావత్‌ని కొనుక్కుని మరీ అట్టడుగున. ఇక్కడైతే మూడు ఫస్ట్ పిక్కులకి అర్జీ పెట్టుకునే స్థాయి తపస్సు అది. మనవాళ్ళకి వేలంపాటలో మళ్ళీ డబ్బులే కట్టమన్నారు.

ఇప్పుడు మా బామ్మర్ది సంగతి. ఇక్కడే ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి, ఉద్యోగం చేస్తున్నాడు, హెచ్‌వన్‌బీ లాటరీలో 2023లో రాలేదు, 2024లో రాలేదు, 2025 మార్చిలో కూడా రాలేదు. మూడు ఛాన్సులే ఉంటాయి వాడి స్టేటస్‌కి, అయిపోయాయి. దీనికి బంతులుండవు, టీవీ ఉండదు, కవర్లు విప్పే పెద్దమనిషి ఉండడు, కంపెనీ లాయరు దగ్గర్నుంచి రెండు లైన్ల మెయిలు వస్తుంది. వాళ్ళ నాన్నగారు ఒకరోజు నన్ను అడిగారు, ఏ ఏడాది ఎంతమంది వేశారు, ఎంతమందికి వచ్చింది అని. మొదటి రెండుసార్లూ సుమారు నాలుగింట ఒకరికి, మూడోసారి మూడింట ఒకరికి అన్నా. కరెంటు బిల్లు కవరు వెనక లెక్క వేశారు. "మూడుసార్లూ రాకపోవడానికి నూటికి ముప్పై ఏడున్నర" అన్నారు. "పెద్ద వింతేం కాదు." కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

కాబట్టి డ్రాఫ్ట్ అభిమానిగా నా సవినయ ప్రతిపాదన, ఇక్కడ కూడా ఎన్‌బీఏ ధర్మం పెట్టండి. ఓడినవాడికి మరుసటి ఏడాది బంతులు పెంచండి, రెండుసార్లు ఓడితే ఇంకా పెంచండి. కానీ మా బామ్మర్ది వెళ్ళిపోయాక వచ్చిన కొత్త రూలు సరిగ్గా దీనికి అడ్డం తిరిగింది, జీతం పై లెవెల్లో ఉన్నవాడి పేరు నాలుగుసార్లు వేస్తారు, కింది లెవెల్ వాడిది ఒక్కసారే. అంటే ఓనర్లకి సమసమాజం, ఉద్యోగులకి బలం ఉన్నోడిదే బజారు. ఇంకోటి కూడా చూశా. బయటి దేశం నుంచి కొత్తగా మనిషిని తెచ్చుకోవాలంటే కంపెనీ కట్టాలని 2025లో పెట్టిన ఫీజు లక్ష డాలర్లు. యూటా వాళ్ళు ఆడగలిగే మనిషిని ఊరికే బెంచీ మీద కూర్చోబెట్టినందుకు కట్టింది కూడా లక్ష డాలర్లే. పని చేయించుకోడానికీ, చేయించకుండా కూర్చోబెట్టడానికీ ఈ దేశంలో ఒకటే రేటు, ఇది కూడా సమానత్వమే అని మీరు అనుకోవాలి, నేను అనుకుంటున్నా.

జులైలో వాణ్ణి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో దింపడానికి అందరం వెళ్ళాం. రెండు పెద్ద సూట్‌కేసులు, ఎనిమిదేళ్ళకి సరిపడా తెచ్చుకుని మధ్యలోనే సర్దేసిన సామాను. తల మీద కొత్త డాలస్ టోపీ, నీలం రంగు, గుర్రం బొమ్మ, డ్రాఫ్ట్ అయిన వారంలో వాడే కొనుక్కున్నాడు. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి ఆ టోపీ చూసి, ఈ ఏడాది మనం అదరగొడతాం అంది. అవును, మనమే, అన్నాడు వీడు నవ్వుతూ. హైదరాబాద్‌కి బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టింది. నాకు ఫిలడెల్ఫియా టోపీ పెట్టుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు కానీ ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్యగారు కిటికీలోంచి చూస్తున్నారు. టోల్ రోడ్డు ఎక్కాక వెనక సీట్లోంచి మామయ్యగారు, "వాడికి ఆ వెయ్యిన్నొకటోది పడుంటుందండీ" అన్నారు.

"ఏది మామయ్యగారూ?"

"అదే, పదకొండు పన్నెండు పదమూడు పద్నాలుగు. ఎవరిదీ కాదన్నారే, అది."

నేను అద్దంలో చూశా. ఆయన జేబులోంచి కరెంటు బిల్లు కవరు తీసి మళ్ళీ ఏదో చూసుకుంటున్నారు.

"దానికైతే మళ్ళీ తీస్తారుగా" అన్నారు.